అవ్వ చెప్పకుండా పోయిన మాట

నాకు మనుషుల మీద నమ్మకం తక్కువ. అది పుట్టుకతో వచ్చిందో, పని నేర్పిందో చెప్పలేను. ముప్పై ఏళ్ళుగా ఆస్పత్రులకు పంపే కట్టుగుడ్డ మిల్లులో చెకింగులో ఉన్నాను. కింద దీపాలు వెలిగే గాజుబల్ల మీద తెల్లగుడ్డ జరుగుతూ పోతుంటుంది. అందులో తెగిన పోగు, నూనె మరక, జారిన నేత ఎక్కడుందో పట్టుకోవడమే నా పని. గుడ్డ బాగుందని చెప్పడానికి ఎవరూ జీతం ఇవ్వరు, బాగా లేదని చెప్పడానికే ఇస్తారు. ఇంటికి వచ్చినా ఆ చూపు పోదు. కూరగాయలవాడు తూకం వేస్తుంటే నేను వంగి త్రాసు కింద చూస్తాను. పెళ్ళిపత్రిక ఇవ్వడానికి వచ్చినవాళ్ళు రెండు నిమిషాలు ఎక్కువ కూర్చుంటే ఏదో అడగబోతున్నారని నిర్ణయించుకుంటాను. అనుమానం పెనుభూతం అని మా అమ్మ నన్ను తిట్టని వారం లేదు.

అందుకే టీచరమ్మ మా ఇంటికి వచ్చిన మొదటి రోజే నాకు ఏదో తేడాగా తోచింది. ఆమె ఇక్కడే, తమిళనాడు రాజపాళయంలో ఒక కాలేజీలో చరిత్ర చెబుతుంది. ముప్పై ఐదేళ్ళుంటాయి. వాళ్ళదీ తెలుగే, మాదీ తెలుగే, మాటకు ముందో వెనకో "దా", "రొంబ" లాంటి తమిళం ముక్కలు అతుక్కున్న తెలుగు. కాకపోతే వాళ్ళు మిల్లులు పెట్టిన వైపు, మేము మిల్లులకు పోయిన వైపు. అలాంటి మనిషి స్కూటర్ దిగి, చెప్పులు బయట విప్పి, నేను వేసిన కుర్చీని వదిలేసి మా అమ్మ పక్కన నేల మీద కూర్చుంది. కుర్చీ వేసినప్పుడు కుర్చీలో కూర్చోవాలి గదా. అడగకుండా నేల మీద కూర్చునేవాళ్ళకు ఏదో పని ఉంటుంది.

"అక్కా, మీ అవ్వ కథ నేను జనం ముందర చెప్పొచ్చునా? మీరు సరి అంటే దా చెప్తాను," అంది.

"మా అవ్వ కథ మీకేమిటికి టీచరమ్మా? మీ ఇండ్లల్లో పెద్దోళ్ళు లేరా?" అన్నాను.

"ఉండారు. వాళ్ళ కథ చెప్పేదానికి రొంబ మంది ఉండారు అక్కా. మీ అవ్వది దా ఎవరూ చెప్పలే."

కందకు లేని దురద కత్తిపీటకెందుకు అని మనసులో అనుకున్నాను. పైకి కాఫీ కలిపి ఇచ్చాను.

మా అవ్వ, అంటే మా అమ్మను కన్నతల్లి, ఒక నూలు మిల్లులో పనిచేసింది. ఆ మిల్లు మూతపడి చాలా కాలమైంది. ఇది డెబ్బై ఏళ్ళ పైమాట. ఉయ్యాలను మా ఇళ్ళల్లో తొట్టిల అంటాం. ఆ రోజుల్లో పాలు తాగే బిడ్డలున్న ఆడవాళ్ళు మిల్లు గేటు బయట వేపకొమ్మకు చీరతో తొట్టిల కట్టి, బిడ్డను అందులో వేసి లోపలికి పోయేవాళ్ళు. ఎండైనా వానైనా అంతే. లోపల ఒక కొట్టం వేసి బిడ్డలను అక్కడ ఉంచనివ్వండి అని అవ్వ అడిగింది. కుదరదన్నారు. అవ్వ పోయి గేటు ముందు కూర్చుంది. ఆమె వెనక మిగతా ఆడవాళ్ళు కూర్చున్నారు. తొమ్మిదో రోజు కొట్టం ఇచ్చారు. ఆనాటి నుంచి ఆమె ఊరందరికీ తొట్టిల అవ్వ. ఇప్పటికీ మే నెల ఊరేగింపులో కార్మిక సంఘం పెద్దలు ఆమె మాట ఎత్తకుండా మైకు దిగరు.

ఊరికి తెలిసింది అంతవరకే. ఇంట్లో మాకు తెలిసింది ఇంకొకటి ఉంది. అప్పుడు అవ్వకు చంకలో ఎనిమిది నెలల మగబిడ్డ ఉన్నాడు. మా అమ్మకు ఏడేళ్ళు. అవ్వ గేటు దగ్గర కూర్చున్నన్ని రోజులు తమ్ముణ్ణి చూసుకునే పని అమ్మదే. రోజుకు మూడుసార్లు వాణ్ణి ఎత్తుకుని గేటు దాకా నడిచి పాలు తాగించుకుని వచ్చేది. ఆరో రోజు పెద్ద వాన పట్టింది. అమ్మ పోలేదు. గంజి తాగించి పడుకోబెట్టింది. సాయంత్రానికి బిడ్డకు ఫిట్స్ వచ్చాయి, తెల్లారేసరికి లేడు. అవ్వ వచ్చి కర్మ చేసి, రెండో రోజే మళ్ళీ పోయి గేటు ముందు కూర్చుంది. ఆ బిడ్డ గురించి బతికినన్నాళ్ళూ ఒక్క మాట మాట్లాడలేదు. మా అమ్మను తిట్టలేదు, కొట్టలేదు, దగ్గరికి తీసుకుని నీ తప్పు కాదని కూడా అనలేదు. అమ్మకు ఇప్పుడు ఎనభై దాటాయి. ఇవాళ్టికీ కొండల వైపు మబ్బు కమ్మితే తలుపు మూసుకుని కూర్చుంటుంది. తిట్టి ఉంటే పోయేది, మా అవ్వ మౌనమే ఆమెను తినేసింది.

ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పే ఉద్దేశం కూడా లేదు. తొట్టిల అవ్వ మాకు మిగిలిన ఒకే ఒక్క గొప్ప. దాన్ని మిల్లు వైపు మనిషి చేతిలో పెడితే ఏం చేస్తుందో ఎవరికి తెలుసు. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందంటారు, నేను గొర్రెను కానని గట్టిగా అనుకున్నాను.

టీచరమ్మ కథ చెప్పే పద్ధతి వేరు. మేకప్పు లేదు, మేళం లేదు. ఒక ముక్కాలి పీట వేసుకుని కూర్చుంటుంది. చనిపోయిన మనిషి తానే అయినట్టు "నేను" అని మొదలుపెట్టి ముప్పావుగంట మాట్లాడుతుంది. బడిపిల్లలకైతే తమిళంలో, మనవాళ్ళకైతే మన తెలుగులో. చివర "అడగండి" అంటుంది. అప్పుడు జనం లేచి ఆ చనిపోయిన మనిషినే నేరుగా ప్రశ్నలు అడగవచ్చు. జవాబు కూడా ఆ మనిషిలాగే చెబుతుంది. దానికి ఆమె పెట్టుకున్న కట్టుబాటు ఒకటి ఉంది. ఎవరో ఒకరి నోటి నుంచి తన చెవిన పడని మాట చెప్పదు. తెలియనిది అడిగితే, "అది నేను చెప్పకుండానే పోయినాను," అని ఊరుకుంటుంది.

ఇదంతా ఆమె చెప్పింది. నేను నమ్ముతానా. సేత్తూరు దాటి ఒక పల్లెలో ఆమె కథ ఉందని తెలిసి, చెల్లెలింటికి పోతున్నానని మిల్లులో సెలవు చెప్పి, బస్సెక్కి పోయి వెనక వరసలో కూర్చున్నాను. ఆ రోజు ఆమె ఆ చుట్టుపక్కల మొదట బడి పెట్టిన పంతులు. గొంతు మార్చలేదు, మీసం పెట్టుకోలేదు, అయినా పది నిమిషాలకు పీట మీద ఒక ముసలి మగమనిషి కూర్చున్నట్టే ఉంది. చివర ఒకాయన లేచి, "మా తాతను బడి బయట కూర్చోబెట్టి చెప్తిరంట గదా. ఏమిటికి అట్ల చేస్తిరి?" అని అడిగాడు. టీచరమ్మ తల వంచుకుని, "భయపడి. ఊరు బడిని మూసేస్తాదని భయపడి. తప్పని తెలిసి దా చేసినాను," అంది. అడిగినాయన చాలాసేపు నిలబడే ఉన్నాడు. తరవాత వాకబు చేస్తే ఆ మాట పంతులు కూతురు చెప్పిందేనట.

వేరేవాళ్ళయితే ఇక్కడితో కరిగిపోయేవాళ్ళు. నాకు మాత్రం అనుమానం రెట్టింపైంది. పోయిన మనుషుల తప్పులు ఇంత బాగా ఒప్పుకునే మనిషి, మా అవ్వ నోటితో ఏం ఒప్పిస్తుందో అని.

నేను భయపడ్డదే అయింది. ఒక రోజు మధ్యాహ్నం షిఫ్టు దిగి వచ్చేసరికి టీచరమ్మ స్కూటర్ మా వాకిట్లో ఉంది. లోపల అమ్మ కళ్ళు తుడుచుకుంటోంది, టీచరమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఉంది. అడగాల్సిన పనే లేదు, బిడ్డ సంగతి చెప్పేసిందని అర్థమైంది. నా ఒళ్ళు మండిపోయింది. టీచరమ్మను వాకిట్లోకి పిలిచాను.

"నేను లేని వేళ చూసి వస్తారా?" అన్నాను.

"పెద్దమ్మ దా రమ్మని ఫోన్ చేసె అక్కా. నేను ఏమీ అడగలే, సుమ్మా విన్నాను," అంది. తరవాత కొంచెం ఆగి, "అవ్వ ఆ బిడ్డ గురించి మీతో ఏమైనా చెప్పెనా? చివర్లో ఆస్పత్రిలో మీరు దా కూడా ఉంటిరంట గదా," అని అడిగింది.

అప్పుడు నాకొక ఉపాయం తోచింది. దొంగ ఎవరో తెలియాలంటే ఎర వెయ్యాలి. ఈమె నిజంగా మా అవ్వను తగ్గించడానికే వచ్చి ఉంటే, తగ్గించే మాట ఒకటి నేనే చేతిలో పెడితే సరిపోతుంది. దాన్ని వేదిక మీద వాడిందో, ఆమె రంగు బయటపడినట్టే. నాలుక మీదికి వచ్చింది వచ్చినట్టు చెప్పేశాను.

"చెప్పె. చివరి దినం చెప్పె. ముందు నాడే బిడ్డకు జొరం అంట. ఒళ్ళు కాలతా ఉండెనంట. తెలిసి దా గేటుకు పోయినాను, తప్పు నాది అనె. అది చెప్పేదానికి నోరు రాలేదు అనె."

అవ్వ అలా ఎప్పుడూ అనలేదు. చివరి రోజు ఆమెకు స్పృహే లేదు. టీచరమ్మ నా ముఖం చూస్తూ విని, నోటుబుక్కు తెరవకుండానే స్కూటరెక్కి పోయింది. రాసుకోలేదు చూడు, మనసులో రాసుకుంది అనుకున్నాను.

నెల తరవాత కథ మొత్తం రాసుకుని మాకు చదివి వినిపించడానికి వచ్చింది. ఇది కూడా ఆమె పద్ధతేనట, ఇంటివాళ్ళు వినకుండా వేదిక ఎక్కదట. అమ్మ నిద్రపోతుంటే నేను ఒక్కదాన్నే విన్నాను. గేటు ఉంది, వేపకొమ్మ ఉంది, తొమ్మిది రోజులూ ఉన్నాయి. బిడ్డ పోయిన సంగతి ఒకే ఒక్క వాక్యంలో ఉంది, అమ్మ పేరెత్తకుండా. నా ఎర మాత్రం ఎక్కడా లేదు.

"ఆస్పత్రి మాట పెట్టలేదే?" అన్నాను.

"పెట్టలే అక్కా."

"ఏమిటికి?"

టీచరమ్మ కాగితాలు మడిచింది. "కోపం చేసుకోకండి. ఆస్పత్రిలో పెద్దోళ్ళు చెప్పిన మాట చెప్పేవాళ్ళు ఎదుటి మనిషిని చూడరు అక్కా. ఆ మంచాన్నే చూస్తా చెప్తారు. మీరు నా ముఖం చూస్తా చెప్పితిరి."

నాకు సిగ్గేసింది. సిగ్గు కంటే ఎక్కువ కోపం వచ్చింది. ముప్పై ఏళ్ళు తప్పులు పట్టినదాన్ని, నిన్నకాక మొన్న వచ్చిన పిల్ల నన్ను పట్టేసింది. అబద్ధమని ఒప్పుకోలేదు, నిజమని బుకాయించనూ లేదు. ఇంకో కాఫీ తాగుతారా అని అడిగాను.

ఒక ఆదివారం సాయంత్రం బడి హాల్లో కథ పెట్టారు. మా మిల్లు లైను ఇళ్ళవాళ్ళు అందరూ వచ్చారు. వెనక వరసలో సంఘం పెద్దలు, పక్కన మిల్లు వైపు వాళ్ళు కొందరు. అమ్మ రెండో వరసలో, నేను గోడ పక్కన నిలబడి. అమ్మను తీసుకురావడం నాకు ఇష్టం లేదు. కానీ ఆమె పొద్దున్నే తలంటుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని, "అమ్మను చూసేదానికి పోతాండాను," అని పక్కింటివాళ్ళకు చెప్పింది. నాటకం చూడబోతున్నట్టు కాదు, ఊరికి పోతున్నట్టు చెప్పింది.

టీచరమ్మ కొంగు నడుముకు చుట్టి దోపుకుని, మిల్లు ఆడవాళ్ళు కూర్చునేట్టు పీట మీద కూర్చుంది. "నేను గేటు దగ్గరికి పోయేప్పుడు నాకు ఏమీ తెలియదు, ఎండ మాత్రమే తెలుసు," అని మొదలుపెట్టింది. ఏం దాచుకోవాలి, చెప్పేస్తాను. నాకు ఏడుపొచ్చింది. మా అవ్వ మాటల మధ్య ముక్కుతో గాలి పీల్చుకునేది. ఆ సంగతి అమ్మ చెప్పి ఉంటుంది, టీచరమ్మ అచ్చం అట్లాగే పీల్చింది. కొట్టం ఇచ్చారన్న చోట హాలంతా చప్పట్లు కొట్టింది. సంఘం పెద్దలు లేచి నిలబడి కొట్టారు.

తరవాత, "అడగండి," అంది.

మొదట పిల్లలు అడిగారు. తొమ్మిది రోజులూ ఏం తిన్నావు అవ్వా అని ఒక పాప. నిమ్మకాయ అన్నం, ఎవరో ఒకరు తెచ్చి పెట్టేవాళ్ళు అంది అవ్వ. మీ ఆయన ఏమీ అనలేదా అని ఒకామె అడిగింది. అది నేను చెప్పకుండానే పోయినాను అంటే జనం నవ్వారు.

అప్పుడు మా అమ్మ లేచింది. ముందున్న కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది.

"అమ్మా," అంది. "ఆ వాన దినం తమ్ముణ్ణి నేను ఎత్తుకుని రాలే. గంజి తాపి పండబెడితి. నీవు నన్ను ఒక మాట అనలే. నా మీద కోపం ఉండెనా అమ్మా? అది చెప్పి పోకూడదా?"

ఎనభై ఏళ్ళ ముసలిది కాదు, ఏడేళ్ళ పిల్ల అడిగింది. టీచరమ్మ ముఖం పాలిపోయింది.

"అది నేను…" అంది.

ఆ వాక్యం ఎలా ముగుస్తుందో ఇప్పుడే విని నవ్వినవాళ్ళందరికీ తెలుసు. అమ్మకూ తెలుసు. టీచరమ్మ వాక్యాన్ని అక్కడే ఆపి, జనం తలల మీదుగా నా వైపు చూసింది.

ఎంతసేపు చూసిందో తెలియదు, రెండు మూడు క్షణాలే అయ్యుంటుంది. నేను కదలకపోతే ఆమె ఆ వాక్యం పూర్తి చేస్తుంది, అమ్మ ఆ మాటతోనే కాటికి పోతుంది. నేను తల ఊపితే, జ్వరం ఉన్న పసిబిడ్డను తెలిసి వదిలేసి పోయిన తల్లిగా మా అవ్వ ఊరందరి ముందు నిలబడుతుంది. అది నేను అల్లిన మాట. అవ్వను ఈ మనుషుల నుంచి కాపాడాలనే గదా ఇన్నాళ్ళూ కాపలా కాశాను.

"చెప్పండి టీచరమ్మా," అన్నాను గట్టిగా. "అవ్వ నాతో చెప్పినదాన్ని చెప్పండి."

అందరూ నా వైపు తిరిగారు. అమ్మ కూడా తిరిగింది. టీచరమ్మ కళ్ళు ఒకసారి మూసి తెరిచింది. అబద్ధమని ఆమెకు తెలుసు. తెలిసి చెప్పింది.

"పాపా, నీ మీద నాకు కోపం ఏమిటికి? ముందు నాడే వాడి ఒళ్ళు కాలతా ఉండె. తెలిసి దా పోయినాను. నీవు ఎత్తుకుని వచ్చినా వాడు ఉండేవాడు కాదు. తప్పు నాది. చెప్పేదానికి నాకు నోరు రాలే."

"అట్లనా," అంది అమ్మ. మెల్లగా కూర్చుంది. వెనక ఎవరో "తెలిసే పోయినాదంట" అని గుసగుసలాడారు. సంఘం పెద్దాయన ఒకరు కండువా దులుపుకుని లేచి వెళ్ళిపోయారు. టీచరమ్మ ఇంకెవరినీ అడగమనలేదు.

బయట షేర్ ఆటో కోసం నిలబడ్డప్పుడు ఆమె నా దగ్గరికి వచ్చింది. "అక్కా…" అంది. మీరు అడగవద్దు, నేను చెప్పను అన్నాను. సరి అని తల వంచుకుంది. ఆమె మీద నాకు ఆ రోజు అనుమానం లేదు. నా మీదే ఉంది.

మరునాడు పొద్దున సన్నగా వాన. అమ్మ తలుపు బార్లా తెరిచి, గడప దగ్గర కూర్చుని చిన్న ఉల్లిపాయలు ఒలుస్తోంది. నా జన్మలో వానపూట ఆమెను అక్కడ చూడలేదు. కాఫీ తెచ్చి ఇచ్చాను. కడుపు నిండినట్టయింది నాకు. చేసింది తప్పో ఒప్పో, ఫలితం ఇదిగో అనుకున్నాను.

"ఆస్పత్రిలోనా చెప్పె?" అంది అమ్మ, తల ఎత్తకుండా.

"ఆ."

"నేను యాడ ఉంటిని?"

"కాఫీ తెచ్చేదానికి పోయి ఉంటివి."

అమ్మ ఇంకో రెండు ఉల్లిపాయలు ఒలిచింది. "పాపం, ఆమె ఎంత మోసినాదో," అంది. తరవాత నా వైపు చూసింది. "అప్పుడు నీకు పద్దెనిమిది. ఇప్పుడు తల నెరిసిపోయె. ఇన్నేండ్లు ఇద్దరం ఒక్క కుండలో తింటిమి. వాన వస్తే నేను ఏమవుతాను అని నీకు తెలుసు. ఆమెకు నోరు రాలే, సరి. నీకేమాయె?"

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. నిజం చెబితే నిన్నటి మాట పోతుంది, వాకిట్లోని వాన మళ్ళీ ఆమె మీద పడుతుంది.

"మరిచిపోయినానమ్మా," అన్నాను.

అమ్మ నన్ను కింది నుంచి పై దాకా చూసింది. నమ్మలేదు. నేను తెచ్చిన కాఫీని పక్కకు నెట్టి, ఉల్లిపాయల గిన్నె ఒళ్ళోకి లాక్కుని, నాకు వీపు పెట్టి వాన వైపు తిరిగి కూర్చుంది.